వాసన సీసాల డబ్బా: ఇప్పటిదాకా

వాసన చూడగానే ఒళ్లు ఏమంటుందో, ఏం గుర్తొస్తుందో గమనించడానికి ఇంట్లోవాళ్లకు ఇచ్చే సీసాలివి. అన్నీ గాజువే పెట్టాను. ప్లాస్టిక్ డబ్బా పాత వాసనను ఒక పట్టాన వదలదు. అడుగున సరుకు, పైన పల్చగా దూది, బయట కాగితం చుట్ట. లోపల ఏముందో కనిపిస్తే కన్నే జవాబు చెప్పేస్తుంది. ప్రస్తుతం కర్పూరం, లవంగం, ఎండు ఇప్పపువ్వు, బంతి రెక్కలు, మేడారం నుంచి తెచ్చిన బెల్లం, ఎండిన చెరువు మట్టి ఉన్నాయి.

ఎవరికి సీసా ఇచ్చినా మొదట "ఒంట్లో ఏమనిపించింది?" అని అడుగుతాను. "ఇదేంటి?" అనేది ఆ తర్వాతే. చూపు, శబ్దం మెదడులో థలామస్ అనే మధ్య మజిలీ మీదుగా వెళ్తాయి. వాసన మాత్రం అక్కడ ఆగకుండా భయం, ఇష్టం, జ్ఞాపకం చూసుకునే అమిగ్డలా, హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగాల వైపు సూటిగా పోతుంది. అందుకే పేరు తట్టేలోపే ఒళ్లు కదులుతుంది.

ఇప్పపువ్వు దగ్గర అది స్పష్టంగా చూశాను. అమ్మ పేరు చెప్పలేకపోయింది. కళ్లు మూసుకునే ఉంది, భుజాలు వదులయ్యాయి. కాసేపాగి "గిది మా ములుగు ఇంట్ల అటక మీది వాసన బిడ్డా" అన్నది. ఆ అటక గురించి అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. ఆ సాయంత్రమంతా చెప్తూనే ఉంది. నాకు ఈ పని మీద ఇష్టం పెరిగింది అక్కడే.

లవంగం సీసా చిన్నాయన చేతికిస్తే దవడ బిగిసింది. "పంటి దవాఖాన లెక్కుంది, తియ్" అన్నాడు. లవంగానికి ఆ వాసననిచ్చే యూజినాల్‌ని పళ్ల డాక్టర్లు పళ్లు పూడ్చే సిమెంటులో కలుపుతారు. ఆయనకు కుర్చీ, సూది ముందు గుర్తొచ్చాయి, బిర్యానీ కాదు.

మట్టికి వాడే ముందు నాలుగు చుక్కల నీళ్లు వేయాలి. తొలకరి వాసనలోని జియోస్మిన్ అనే పదార్థం లీటరు నీటిలో కొన్ని నానోగ్రాములున్నా మన ముక్కు పసిగడుతుంది.

రెండు సీసాల మధ్య అర నిమిషమైనా ఆగాలి, లేకపోతే ముక్కు మొద్దుబారుతుంది. ఆ గ్యాప్‌లో సొంత మోచేతి మడత వాసన చూడమంటాను.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి మాత్రం డబ్బాలోంచి తీసేశాను. దగ్గు, కన్నీళ్లు తెప్పించేది వాసన కాదు, మిర్చికి ఘాటునిచ్చే క్యాప్సైసిన్. అది ముఖంలోని నొప్పి నరాన్ని తాకుతుంది. దానికి వేరే నోట్‌బుక్ పెట్టాను. కొత్త పంట రాగానే ఘాటు తక్కువుండే చపాటా, ఎక్కువుండే తేజ మిర్చి రకాలను పక్కపక్కన పెట్టి చూస్తాను, కిటికీలు తెరిచి. ఆస్తమా ఉన్నవాళ్లను పిలవను.