షాబాద్ బండల మీద బీరు ట్యాంకులు

పాత బంగళాను క్రాఫ్ట్ బీర్ బార్‌గా, అంటే అక్కడే చిన్న మోతాదుల్లో బీరు కాచి పోసే చోటుగా మార్చారంటే చాలు, లోపలికి అడుగుపెట్టిన వాళ్ల చూపు ముందు పైకే పోతుంది. టేకు దూలాలు, రంగు అద్దాల కిటికీలు, గచ్చు గోడల మీద పసుపు దీపాలు. ఫొటోలు అయ్యాక ఒకసారి కిందికి చూడండి. ట్యాంకులు నిలబెట్టిన చోట నేల ఏమిటి? యజమానికి బీరు సంగతి ఎంత తెలుసో ఆ నేలే చెప్పేస్తుంది.

హైదరాబాదు పాత ఇళ్లలో ఎక్కువగా కనిపించేది షాబాద్ బండ. అది సున్నపురాయి, చింతపండు పులుసు ఒలికినా మరక పట్టే రాయి. బీరు పీహెచ్ (7 కన్నా ఎంత తగ్గితే అంత పులుపు) సాధారణంగా 4 నుంచి 4.5 దాకా ఉంటుంది. ట్యాంకులు కడగడానికి వాడే ఫాస్ఫారిక్ ఆమ్లం అంతకన్నా చాలా ఘాటు. రోజూ ఈ రెండూ పడుతుంటే బండ నున్నదనం పోయి గరుకెక్కుతుంది, సందుల్లోకి ఇంకిన తీపి నీళ్లు పులుస్తాయి. అందుకే బీరు కాచే గది వరకైనా బండలు లేపి, ఆమ్లానికి ఆగే టైల్స్ గానీ పాలీయురేథేన్ పూత గానీ వేయాలి. నీళ్లు నిలవకుండా కాలువ వైపు మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు ఉండాలి. పాత అందం పోతుందని అక్కడ కూడా బండలే ఉంచేస్తే, కొన్నాళ్లకు గుమ్మంలోనే పులిసిన గంజి వాసన కొడుతుంది.

తర్వాతిది బరువు. 1000 లీటర్ల ఫెర్మెంటర్‌లో, అంటే బీరు పులిసే ట్యాంకులో, బీరే ఒక టన్ను. స్టీలు, చుట్టూ చల్లదనం కోసం తిరిగే గ్లైకాల్ ద్రవం అన్నీ కలిపితే దాదాపు టన్నున్నర, అదీ చదరపు మీటరుకు కాస్త ఎక్కువైన చోటులో, నాలుగు కాళ్ల మీద. ఇళ్ల అంతస్తులకు ఇప్పటి ప్రమాణాల్లో లెక్కవేసే భారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. దూలాల మీద ఇటుక, సున్నం పరిచిన మద్రాస్ టెర్రస్‌కు ఆ ప్రమాణాలతో పనే లేదు, అది వాటికన్నా ముందు పుట్టింది. మేడ మీద అద్దాల వెనక ట్యాంకులు మెరుస్తుంటే చూడ్డానికి బాగుంటుంది గానీ, కింద కొత్తగా వేసిన స్టీలు స్తంభాలు కనిపిస్తేనే దాని కింద కూర్చోండి.

ఆవిరి సంగతి బయటికి కనబడదు. 1000 లీటర్ల వోర్ట్‌ను, అంటే మాల్ట్ నుంచి తీసిన తీపి కషాయాన్ని, గంటసేపు మరిగిస్తే 60 నుంచి 80 లీటర్లు ఆవిరైపోతాయి. పొగగొట్టమో, ఆవిరిని మళ్లీ నీరు చేసే కండెన్సరో లేకపోతే ఆ తేమంతా దూలాలకూ గోడలకూ పడుతుంది. డంగు సున్నం గోడ తేమను పీల్చుకుని మెల్లగా వదులుతుంది, దాని స్వభావమే అది. కొత్తగా కనిపించాలని దానిమీద సిమెంటు, ఆపైన ప్లాస్టిక్ పెయింట్ వేశారంటే తేమ లోపలే చిక్కుకుంటుంది. మోకాలెత్తున గోడకు తెల్లగా ఉప్పు పూసి, పెచ్చులు లేచి ఉంటే తేమ అలా చిక్కుకుందనే అనుమానించాలి.

నేలమాళిగ ఉన్న ఇంట్లో ట్యాంకులు కింద పెడతారు, చల్లగా ఉంటుందని. ఆలోచన మంచిదే. కానీ 1000 లీటర్ల మామూలు బీరు పులిసేటప్పుడు 35 నుంచి 40 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే సుమారు 20,000 లీటర్ల వాయువు. గాలికన్నా బరువు కాబట్టి అడుగునే పేరుకుంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పైకప్పు దగ్గర పెడితే ఉపయోగం లేదు. గాలిని నేల మట్టం నుంచి లాగాలి, మోకాలెత్తులో సెన్సర్ ఉండాలి. ట్యాంకులు చూపిస్తాం రమ్మని కిందికి పిలిస్తే ముందు ఆ సెన్సర్ ఎక్కడుందో అడగండి.

ఇక గ్లాసులోకి వద్దాం. పాత ఇంట్లో గదులు మన ఇష్టం వచ్చినట్టు ఉండవు. ట్యాంకులు వెనక వంటింట్లో, ట్యాపులు ముందు వరండాలో. మధ్యలో 15 మీటర్ల గొట్టం. లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లయితే ఆ గొట్టంలోనే ముప్పావు లీటరు బీరు నిలిచి ఉంటుంది. తలుపులు తీయగానే వెళ్లి కూర్చున్నవాడి గ్లాసులో పడేది నిన్నటి బీరు. గొట్టం వెంట గ్లైకాల్ లైను లేకపోతే అది వేడెక్కి, కరిగి ఉన్న గ్యాసు విడిపోయి సగం గ్లాసు నురగే వస్తుంది. అప్పుడు పోసేవాడు ప్రెజర్ తగ్గిస్తాడు. ఆ పూటకు నురగ తగ్గినట్టు అనిపిస్తుంది, రెండు రోజులకు బీరు చప్పబడుతుంది. సరిచేయాల్సింది చల్లదనం, ప్రెజర్ కాదు.

గొట్టాలను రెండు వారాలకొకసారి క్షారంతో కడగాలి. కడగలేదని నాలుకే చెప్తుంది: వెన్న కాచిన వాసన, దాని వెనకే సన్నటి వెనిగర్ పులుపు. వెన్న వాసన ఒక్క లాగర్‌లోనే (చల్లగా, ఎక్కువ రోజులు ఉంచి తయారుచేసే బీరు) ఉంటే దాన్ని తొందరపడి దించారని కూడా అనుకోవచ్చు. అన్ని ట్యాపుల్లోనూ ఉంటే ముందు అనుమానించాల్సింది గొట్టాలనే. ఆసుపత్రి బ్యాండేజీ వాసన వస్తే అది చాలావరకు నీళ్ల తప్పు. నల్లా నీటిలోని క్లోరిన్‌ను కార్బన్ ఫిల్టర్‌తో తీయకుండా కాచి ఉంటారు. మన బోరు నీళ్ల కఠినత్వం నల్లటి స్టౌట్‌ను పెద్దగా బాధించదు గానీ లేత పిల్స్‌నర్‌ను మొరటుగా చేస్తుంది. శ్రద్ధ ఉన్నవాళ్లు ఆర్వో నీళ్లు తీసుకుని, అందులో కాల్షియం లవణాలు కొలిచి కలుపుతారు.

తెలంగాణలో మైక్రోబ్రూవరీలకు, అంటే అక్కడికక్కడే బీరు కాచి అమ్మే ఇలాంటి చోట్లకు, 2015లో నిబంధనలు వచ్చాయి. అప్పట్నుంచీ ఈ ఊళ్లో ఎక్కువ మందికి నచ్చింది గోధుమ బీరు. అరటిపండు, లవంగం వాసన వస్తే హెఫెవైజన్. అది ఈస్ట్ పుణ్యం, పండు వేసి కాదు. ధనియాలు, నారింజ తొక్క తెలిస్తే విట్‌బియర్. బాగా కదిలే ట్యాపు ఏదో అడిగి, దానితోనే మొదలుపెట్టండి. "భయ్యా, ఈ బ్యాచ్ ఎప్పటిది?" అంటే తేదీ చెప్పగలిగిన చోట మిగతావీ ధైర్యంగా తాగొచ్చు. చిన్న గ్లాసుల్లో రుచి చూసేటప్పుడు లేత రంగు నుంచి ముదురుకు కాదు, తక్కువ చేదు నుంచి ఎక్కువ చేదుకు వెళ్లండి. బాగా చేదుగా ఉండే ఐపీఏ ముందు తాగితే ఆ తర్వాత గోధుమ బీరు నీళ్లలా ఉంటుంది.

ఫ్రీజర్‌లోంచి మంచు పట్టిన గ్లాసు తెస్తే మామూలు గ్లాసు అడగండి. మంచు పలుకుల వల్ల నురగ ఎక్కువవుతుంది, నాలుక మొద్దుబారుతుంది. గోధుమ బీరుకు 5 నుంచి 7 డిగ్రీలు, స్టౌట్‌కు 8 నుంచి 10 చాలు. గ్లాసు లోపలి గోడకు బుడగలు అంటుకుని కదలకుండా ఉంటే అది జిడ్డు, సరిగా తోమలేదు.

లోపలి వాకిట్లో వేపచెట్టు కింద బల్ల దొరికితే ఎవరు వద్దంటారు! నీడ మాత్రం చూసుకోండి. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూల సారం మీద ఎండ పడితే కొద్ది నిమిషాల్లోనే బీరుకు కంపు పడుతుంది. సాయంత్రం ఆరు దాటాక ఆ బాధ లేదు.

తినడానికి మిర్చి బజ్జీ, ఐపీఏ కలపొద్దు. చేదు, కారం ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. కారానికి గోధుమ బీరు నయం. రాయి మీద కాల్చిన పత్తర్ కా గోష్త్‌కు స్టౌట్ అతికినట్టు సరిపోతుంది, రెండింటిలోనూ మాడు రుచే.

బండి మాత్రం ఇంట్లో పెట్టి రండి. అర లీటరు 5 శాతం బీరులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మనిషి రక్తంలో అది 100 మిల్లీలీటర్లకు 40 మిల్లీగ్రాముల దగ్గరికి చేరుతుంది. చట్టం ఒప్పుకునేది 30. అంటే ఒక్క గ్లాసుకే గీత దాటేసినట్టు.