పుష్ టు టాక్ సర్వీస్ ఎంచుకోవడంలో నా అనుభవం

మాది లిఫ్టుల మెయింటెనెన్స్. టెక్నీషియన్లు వ్యాన్లలో తిరుగుతూ ఉంటారు, కంట్రోల్ రూమ్‌లో కూర్చుని వాళ్లకు పనులు పంచడం నా వంతు. ఒకే మాట పదిమందికి చెప్పాలంటే పది ఫోన్ కాల్స్ చేయాలి. చేతికి గ్రీజు ఉన్నవాళ్లు ఫోన్ ఎత్తరు. వాయిస్ మెసేజ్ పెడితే ఎప్పుడు వింటారో తెలియదు. మా దగ్గరున్న వాకీటాకీలేమో కాస్త దూరం వెళ్తే మూగబోతాయి. అందుకే మొబైల్ ఆపరేటర్లు ఇచ్చే పుష్ టు టాక్ సర్వీసుల్లో ఏదో ఒకటి చూడమని మా మేనేజర్ గారు పని నాకు అప్పగించారు.

ఇందులో బటన్ నొక్కి పట్టుకుంటే మాట్లాడతాం, వదిలితే వింటాం. గ్రూపులో ఒకసారికి ఒక్కరిదే వంతు, అది ఎవరిదో సర్వర్ తేలుస్తుంది. మాట డేటాగా మారి టవర్ మీదుగా వెళ్తుంది కాబట్టి సిగ్నల్ ఉన్నంత మేరా దూరంతో పని లేదు.

సేల్స్ వాళ్లు మ్యాపులు, వీడియో, రికార్డింగు అంటూ చాలా చూపించారు. నాకు కావాల్సింది ఒక్కటే: బటన్ నొక్కాక మాట్లాడటానికి ఎంతసేపటికి వీలవుతుంది? మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రూపొందించే 3జీపీపీ సంస్థ 2016లో పూర్తిచేసిన రిలీజ్ 13 అనే సంపుటిలో, పోలీసు, ఫైర్ వంటి అత్యవసర సేవల కోసం దీనికో ప్రమాణం ఉంది. నూటికి తొంభై అయిదు సార్లు 300 మిల్లీసెకన్లలోపే లైన్ దొరకాలి. మా పనికి అంత కచ్చితత్వం అక్కర్లేదు గానీ, పోల్చి చూడటానికి ఒక కొలత చిక్కింది.

డెమోలో అన్ని సర్వీసులూ చురుగ్గానే ఉన్నాయి. ఎందుకుండవు మరి! ఫోన్ చేతిలో వెలుగుతూ ఉంది, అంతకుముందు క్షణమే మాట్లాడారు. అసలు పరీక్ష వేరే. ఫోన్ లాక్ చేసి జేబులో పడేసి, గంటసేపు వదిలేసి, అప్పుడు నొక్కాలి. ఆండ్రాయిడ్ 6.0 నుంచి కదలకుండా ఉన్న ఫోన్‌లో బ్యాటరీ ఆదా కోసం యాప్‌లను నిద్రపుచ్చే ఏర్పాటు ఉంది. కొన్ని ఫోన్ కంపెనీలు దీని మీద ఇంకా కఠినమైన సెట్టింగులు పెడతాయి. ఒక సర్వీసు ఇక్కడే తేలిపోయింది. లైన్ దొరికిందని చెప్పే బీప్ ఆలస్యంగా వచ్చేది, మనవాళ్లు బీప్ కోసం ఆగరు. "మూడో లిఫ్ట్ ఆపండి" అంటే అవతలివాళ్లకు "లిఫ్ట్ ఆపండి" అని వినిపించింది. వేలు తొందరగా తీస్తే ఇంకో ప్రమాదం. "పవర్ ఇవ్వొద్దు"లో ఆ చివరి ముక్క పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బీప్ విన్నాకే మాట, మాట అయ్యాక ఒక్క క్షణం ఆగి వేలు తీయడం అని అందరికీ నేర్పించాం. అయినా బీప్ త్వరగా వచ్చే సర్వీసుకే ఎక్కువ మార్కులు వేశాను.

స్టోర్‌లో దొరికే మామూలు యాప్‌లు చాలవా అని కొందరు అడిగారు. ఏ సిమ్‌తోనైనా నడుస్తాయి, అది పెద్ద సౌకర్యమే. కాకపోతే టవర్ మీద రద్దీ పెరిగితే వాటి మాట కూడా మిగతా డేటాతో పాటు క్యూలో నిలబడుతుంది. ఆపరేటర్ తన సర్వీసుకు నెట్‌వర్క్‌లో ప్రాధాన్యం ఇవ్వగలడు. ఇవ్వగలడు అంటున్నాను, ఇస్తాడని కాదు. మేం చూసిన ఒక ప్లాన్‌లో అది విడిగా డబ్బు కట్టాల్సిన అంశం. బ్రోచర్‌లో మాత్రం ఆ సంగతి లేదు, అడిగితేనే చెప్పారు.

సిగ్నల్ సంగతి తేల్చుకోవడానికి కవరేజ్ మ్యాపుని నమ్మలేదు. టెక్నీషియన్లనే బేస్‌మెంట్లకు, మెషిన్ రూములకు, షాఫ్ట్ (లిఫ్ట్ తిరిగే నిలువు దారి) అడుగున గుంతల్లా ఉండే పిట్లలోకి పంపించి మాట్లాడించాం. మెషిన్ రూముల్లో బాగానే ఉంది. బేస్‌మెంట్లలో వైఫై ఉన్నచోట ఫర్వాలేదు. పిట్‌లో మాత్రం చాలాచోట్ల మాటే వెళ్లలేదు. అన్నీ తీసేసి మాది పెట్టుకోండి అని సేల్స్ వాళ్లు ఎంత చెప్పినా, షాఫ్ట్ లోపల పనికి వాకీటాకీలు ఉంచేశాం. వాటికి టవర్ అక్కర్లేదు, ఒక సెట్ నుంచి నేరుగా ఇంకో సెట్‌కే మాట వెళ్తుంది. కింద మనిషి ఉండగా పైనుంచి లిఫ్ట్ కదిపే పని టవర్ దయ మీద వదిలేయలేం.

ఫోన్ల విషయంలో పెద్దగా ఆలోచించలేదు. పక్కన విడిగా గట్టి బటన్ ఉన్నవే తీసుకున్నాం, గ్లవ్స్‌తో తెర మీది బటన్ నొక్కడం కుదరని పని. లొకేషన్ మీద టెక్నీషియన్ల నుంచి గట్టి ప్రశ్న వచ్చింది: "డ్యూటీ దిగాక కూడా చూస్తారా సార్?" డ్యూటీ అయ్యాక లాగౌట్ చేస్తే లొకేషన్ కనిపించకూడదని షరతు పెట్టి, కంట్రోల్ రూమ్ తెర మీద వాళ్లకే చూపించాం.

చివరికి రెండు సర్వీసులు మిగిలాయి. అమెరికాలో పుష్ టు టాక్‌కు పేరుపడ్డ నెక్స్‌టెల్ కంపెనీ ఐడెన్ అనే పాత రకం మొబైల్ నెట్‌వర్క్‌ను 2013 జూన్ 30న ఆపేశారు. దాని మీద నడిచిన ఫోన్లన్నీ మార్చుకోవాల్సి వచ్చింది. అది గుర్తుపెట్టుకుని ఇద్దరినీ ఒకటే అడిగాను: మీరు సర్వీస్ ఆపేస్తే ఎన్నాళ్ల ముందు చెబుతారు, ఈ ఫోన్లు వేరే యాప్‌తో పనిచేస్తాయా? ఒకరు రాతపూర్వకంగా జవాబిచ్చి కాంట్రాక్టులో చేర్చారు. ఇంకొకరు మా ప్రోడక్ట్ చాలా స్ట్రాంగ్ సార్ అన్నారు. మొదటివారి మ్యాపు అంత అందంగా ఉండదు గానీ, వాళ్లతోనే సంతకం చేశాం. వేరే సిమ్‌లు వాడే కాంట్రాక్ట్ టెక్నీషియన్లకు అదే సర్వీసు యాప్ వేశాం. వాళ్లకు ప్రాధాన్యం వర్తించదు కాబట్టి అత్యవసర గ్రూపులో మాత్రం వాళ్లను పెట్టలేదు.