పాత వీణ కమిషన్ మీద అమ్మించి డబ్బు చేతికి తెచ్చుకోవడం: నా అనుభవం

పాత వీణకి కొనేవాళ్లు దొరకడం పెద్ద కష్టం కాదు. "అమ్ముడుపోయింది" అని షాపు ఆయన చెప్పిన రోజుకీ, డబ్బు మన ఖాతాలో పడే రోజుకీ మధ్యనే అసలు కష్టమంతా ఉంది. తిరుపతిలో వీణకి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. తి.తి.దే. నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చేరే పిల్లలున్నారు, ఇళ్లలో పాఠం చెప్పించుకునేవాళ్లున్నారు. కొత్త వీణ ధర విని వెనక్కి తగ్గేవాళ్లు పాతదాని కోసం వాయిద్యాల షాపుల్లో అడిగి పెడతారు. మా ఇంట్లోవీ, బంధువుల ఇళ్లలో మూలన పడి ఉన్నవీ నేను షాపుల్లో కమిషన్ మీద పెట్టే అమ్మించాను. కొన్ని తిరుపతిలోనే పోయాయి, కొన్ని చెన్నై మైలాపూరు వైపు వెళ్లాయి.

షాపుకి వెళ్లేముందు మన వీణ ఏమిటో మనకి తెలిసి ఉండాలి. కుండ (గుండ్రటి బోలు భాగం), దండి (మెట్లుండే పొడవాటి మెడ), యాళి తల (చివరన సింహంలాంటి ముఖం) మూడూ ఒకే పనస మానులో తొలిచిందైతే ఏకాండి వీణ. విడిగా చేసి కలిపిందైతే అతుకు వీణ. రెండింటి ధరకీ చాలా తేడా ఉంటుంది కాబట్టి షాపులో మొదటి బేరం ఇక్కడే మొదలవుతుంది. వీణని తిరగేసి, కుండ దండిని కలిసేచోట చెక్క ఈనె, అంటే చెక్కలో పొడవునా సాగే చారలు, చూడండి. ఈనె తెగకుండా కుండలోంచి దండిలోకి సాగితే ఏకాండి. అక్కడ అడ్డంగా గీత కనిపించినా, గీతని దాచేలా పట్టీ వేసి ఉన్నా అతుకే అనుకోవాలి. బొబ్బిలి వీణ, తంజావూరు వీణ అని చెప్పి అమ్మాలంటే చేసినవాళ్ల చీటీయో, పాత బిల్లో చూపించాలి. అది లేకపోతే ఊరి పేరు ఎత్తకపోవడమే మేలు, ఎందుకంటే కొన్నవాళ్లు తర్వాత అనుమానపడితే షాపు ఆ మాట మన మీదికే తోస్తుంది.

తర్వాత దండి. కుండ వైపు నుంచి యాళి వైపుకి కన్ను ఆనించి, మెట్ల వరస మీదుగా చూస్తే వంపు తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి తీగలు బిగించి వదిలేసిన వీణల్లో దండి ముందుకి వంగుతుంది. అప్పుడు పై స్థాయి మెట్ల దగ్గర తీగ మరీ ఎత్తుకి లేచి, నొక్కడానికి వేళ్లు నొప్పెడతాయి. దండి వంగిన వీణకి ఎంత మెరుగు పెట్టినా ధర రాదు. ఆ సంగతి ముందే చెప్పి, తక్కువకి ఒప్పుకోవడమే దారి.

మెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి సారణి తీగ, అంటే ముఖ్యంగా వాయించే మొదటి తీగ, చాలు. 7వ మెట్టు మీద పంచమం, 12వ మెట్టు మీద పై షడ్జమం, 24వ మెట్టు మీద దాని పై షడ్జమం నిక్కచ్చిగా పలకాలి. పంచమం తీగ మీద 5వ మెట్టు, ఖాళీ సారణితో కలవాలి. ఇవి కలవకపోతే మైనం జారిందని అర్థం. మెట్లని పట్టి ఉంచేది తేనెమైనమే. తిరుపతి ఎండల్లో రేకుల కప్పు కిందో, మధ్యాహ్నం కారు డిక్కీలోనో ఉంచితే అది మెత్తబడి మెట్లు కదులుతాయి. అలాంటి వీణకి మళ్లీ మేళం కట్టించాలి, అంటే మెట్లని మైనంలో స్వరానికి సరిగ్గా మళ్లీ నిలబెట్టించాలి.

అమ్మేముందు నేను డబ్బు పెట్టేది రెండింటికే: మేళం సరిచేయడానికి, ఏడు తీగలూ కొత్తవి వేయించడానికి. కొనేవాళ్లు షాపులో ఒకసారి మీటి చూసి నిర్ణయించుకుంటారు. తుప్పు పట్టిన తీగ మీద మంచి కుండ కూడా మూగగానే పలుకుతుంది. గుర్రం (కుండ మీద తీగలు ఆనే చెక్క వంతెన) మీది ఇత్తడి రేకులో తీగలు గాడి చేసి ఉంటే జుయ్యిమనే రొద వస్తుంది, దాన్ని కూడా ఆ పనిలోనే సాపు చేయించాలి. తీగలు బిగించే బిరడాలు జారుతుంటే సుద్దపొడి సరిపోతుంది. పాలిష్ మాత్రం వేయించొద్దు. కొత్త పాలిష్ కింద చెక్క ఈనె కనబడదు, పగులు ఉందేమోనని కొనేవాళ్లకి అనుమానం వస్తుంది, మనం పెట్టిన ఖర్చు ధరలోకి రాదు. చెక్కలో సన్నటి చిల్లులుండి పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు ఉందన్నమాట. ఆ వీణని ఏ మంచి షాపూ మిగతా వాయిద్యాల పక్కన పెట్టనివ్వదు.

పాత వీణల విషయంలో ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తెల్లటి పూలపని ఏనుగు దంతంతో గానీ, జింక కొమ్ముతో గానీ చేసిందైతే ఆ వీణని షాపులో పెట్టకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ మన దేశపు దంతం వ్యాపారాన్ని ఆపేసింది, 1991 సవరణ విదేశీ దంతాన్ని కూడా చేర్చింది. ఈమధ్య చేసిన వీణల మీద ఉండేది ప్లాస్టిక్కే. తాతల నాటిదైతే మాత్రం తెలిసినవాళ్లకి చూపించి, అనుమానం తీరకపోతే అటవీ శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగాకే ముందుకెళ్లాలి.

షాపు ఎంచుకోవడంలో తిరుపతికీ చెన్నైకీ తేడా ఉంది. తిరుపతి షాపులో పెడితే ఎప్పుడంటే అప్పుడు వెళ్లి వీణ అక్కడే ఉందో లేదో చూసుకోవచ్చు. ఇక్కడ ఎక్కువగా పోయేవి నేర్చుకునేవాళ్లకి పనికొచ్చే మధ్యరకం అతుకు వీణలు. కాలేజీలో చేరికలు జరిగే రోజులూ, విజయదశమికి ముందు వారాలూ మంచివి. పెద్ద ఏకాండి వీణకి తగ్గ ధర ఇచ్చేవాళ్లు చెన్నైలో ఎక్కువ, కానీ అక్కడ మన కన్ను ఉండదు. పంపేటప్పుడు తీగల బిగువు రెండు మూడు స్వరాలు దింపాలి. పూర్తిగా వదిలేయకూడదు, గుర్రాన్ని నిలబెట్టేది ఆ తీగల ఒత్తిడే. యాళి వైపు దండి కింద ఉండే సొరబుర్రని విప్పి విడిగా గుడ్డలో చుట్టాలి. పగటిపూట బస్సు టాపు మీద వేయకుండా రాత్రి ప్రయాణం పెట్టుకుంటే మైనం బతుకుతుంది.

ఇక లెక్క. షాపులు రెండు రకాలుగా అడుగుతాయి. అమ్మిన ధర మీద ఇంత శాతం అన్నది ఒకటి. "మీకు ఇంత ఇస్తాం, పైది మాది" అన్నది రెండోది. రెండోది వినడానికి బాగుంటుంది, నాకు మాత్రం నచ్చదు. పైది ఎక్కువ మిగలాలని షాపు ఆయన ధర పెంచుకుంటూ పోతాడు, వీణ నెలల తరబడి గోడకే ఆని ఉంటుంది, చివరికి ఎంతకి పోయిందో మనకి తెలియదు. శాతం పద్ధతిలో బిల్లు చూపించమని అడిగే హక్కు మనకుంటుంది. 20 శాతానికి మాట్లాడుకున్న వీణ 30,000 రూపాయలకి పోయిందనుకుందాం. కమిషన్ 6,000. షాపుకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, కమిషన్ మీద 18 శాతం మన దగ్గరే పట్టుకుంటే మరో 1,080. చేతికొచ్చేది 22,920. ఈ 1,080 ఎవరు భరించాలన్నది మొదటిరోజే తేల్చుకోకపోతే చివర్లో గొడవ అవుతుంది.

వీణ అప్పగించేటప్పుడు కాగితం లేకుండా కదలకూడదు. దమలచెరువు మామిడి మండీలో రైతు పట్టీ (అమ్మకం లెక్క చీటీ) అడిగి తీసుకున్నట్టు, ఇక్కడ మనమూ అడిగి రాయించుకోవాలి. షాపు లెటర్‌హెడ్ మీద, స్టాంపు వేసి, రెండు ప్రతులు. వీణ వివరం, ఉన్న లోపాలు, కూడా ఇచ్చిన పెట్టె, చెప్పే ధర, అంతకన్నా తగ్గకూడని ధర, కమిషన్ శాతం, మనల్ని అడగకుండా మరమ్మతు చేయించి ఆ ఖర్చు మన సొమ్ములోంచి పట్టుకోకూడదన్న మాట, షాపులో ఉండగా పగిలినా పోయినా ఎంత ఇవ్వాలో, ఎన్ని నెలలు ఉంచాలో. అన్నిటికన్నా ముఖ్యమైనది డబ్బు గడువు: "అమ్మిన రోజు నుంచి 15 రోజుల్లో ఫలానా ఖాతాకి" అని తేదీ లెక్కతో ఉండాలి. "అమ్మాక ఇస్తాం" అన్న మాటకి అర్థమే లేదు.

ఆ కాగితానికి ఫోటోలు తోడుండాలి. కుండ ముందూ వెనకా, దండి కలిసేచోటు, మెట్లన్నీ, యాళి, ఉన్న ప్రతి పగులూ తీసి, అదే రోజు షాపు ఆయన వాట్సాప్‌కి పంపితే తేదీతో సహా నిలుస్తాయి. గుర్రం అడుగున పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టండి. పాత మంచి గుర్రాన్ని తీసి వేరే వీణకి బిగించడం జరగని పనేం కాదు.

ఈ కాగితం మీద ఇంతగా పట్టుబట్టడానికి చట్టమే కారణం. మనం ఇష్టపూర్వకంగా అప్పగించిన సరుకుని కమిషన్ వ్యాపారి తన మామూలు వ్యాపారంలో భాగంగా అమ్మితే, మంచి నమ్మకంతో కొన్నవాళ్లకి ఆ వస్తువు మీద పూర్తి హక్కు వస్తుంది. 1930 సరుకుల అమ్మకం చట్టం 27వ సెక్షన్ చెప్పేది ఇదే. షాపు మనకి పైసా ఇవ్వకపోయినా కొన్నవాళ్ల ఇంటికెళ్లి వీణ తెచ్చుకోలేం. మనకి మిగిలేది షాపు మీద డబ్బు హక్కు ఒక్కటే. 1872 కాంట్రాక్టు చట్టం 218వ సెక్షన్ ప్రకారం ఏజెంటు తన కమిషన్, ఖర్చులు పోను వచ్చిన సొమ్ముని యజమానికి చెల్లించాలి. ఏది ఎంతన్నది రుజువు చేసేది మన దగ్గరున్న ఆ కాగితమే.

ఆలస్యం మొదలయ్యే మాటలు ఒకేలా ఉంటాయి. "పార్టీ ఇంటికి తీసుకెళ్లి వాయించి చూస్తానన్నారు సార్." "అడ్వాన్స్ ఇచ్చారు, మిగతాది వచ్చే నెల." ఇంటికి పంపడం తప్పు కాదు, గురువుగారికి చూపించకుండా వీణ ఎవరూ కొనరు. కానీ మూడు రోజులకి మించకుండా, పూర్తి ధర డిపాజిట్ తీసుకుని పంపాలని కాగితంలో ఉండాలి. తీసుకెళ్లినవాళ్లు ఒప్పుకున్న గడువు దాటాక కూడా వద్దనకుండా ఉంచుకుంటే అది అమ్మకం కిందికే వస్తుంది, మన 15 రోజులు అక్కడినుంచి లెక్క. వాయిదాల సంగతైతే, ఆ అప్పు షాపు ఇచ్చినట్టు లెక్క, మనం ఇచ్చినట్టు కాదు. మన అనుమతి లేకుండా వాయిదాల మీద అమ్మకూడదని ఒక్క వాక్యం రాయించుకుంటే ఈ సాకు పనిచేయదు. కొన్ని షాపులు కమిషన్ మీద పెట్టిన వీణని కచేరీలకీ పిల్లలకీ అద్దెకిస్తాయి, అది కూడా కూడదని రాయించాలి. నెలకోసారి వెళ్లి చూడడం, వెళ్లలేకపోతే వీడియో కాల్‌లో చూపించమనడం నేను మానను.

గడువు దాటితే ఫోన్లు ఆపి రాతలోకి రావాలి. ముందు వాట్సాప్‌లో లెక్క రాసి, తేదీ ఇచ్చి అడగండి. "అవును, ఇవ్వాలి" అని ఒక్క జవాబు వచ్చినా అది సాక్ష్యం. కదలకపోతే అక్నాలెడ్జ్‌మెంటుతో స్పీడ్ పోస్టు నోటీసు పంపాలి.

చెక్కు ఇస్తే మీద వేసిన తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. అది తిరిగొస్తే ఆగకూడదు. బ్యాంకు నుంచి ఆ కబురు అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక వాళ్లకి 15 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే తర్వాతి నెలరోజుల్లో కోర్టులో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (చెక్కుల చట్టం) 138 సెక్షన్ కింద ఫిర్యాదు వేయాలి. "ఇంకో చెక్కు ఇస్తాను, దాన్ని చింపేయండి" అంటే చింపకండి.

చెక్కు లేని కేసులో వినియోగదారుల ఫిర్యాదులు వినే కమిషన్ ఉంది. ఇంటి వస్తువు అమ్మిపెట్టడానికి కమిషన్ ఇచ్చి సేవ తీసుకుంటున్నాం కాబట్టి సేవాలోపం కింద అడగొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఫిర్యాదుదారు నివసించే చోటే వేసుకోవచ్చు, అంటే చెన్నై షాపు మీద కేసుకి చెన్నై తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో నమోదు చేయించినా కొందరు అక్కడితోనే దిగొస్తారు.

డబ్బు పడ్డాక షాపు రసీదు అడుగుతుంది. బ్యాంకు సందేశం చూసుకున్నాకే, అందిన మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి సంతకం పెట్టండి. కొన్నవాళ్ల బిల్లు నకలు అడిగి తీసుకోండి. బిల్లులోని ధరకీ మనకి చెప్పిన ధరకీ తేడా ఉంటే ఆ తేడా మీద కూడా మనకి హక్కుంది, ఆ సంగతి రసీదు ఇవ్వకముందే మాట్లాడాలి.