ఇసుక తొట్టెలో పిల్లల లోకాలు

మనసులోని దిగులును మాటల్లో చెప్పమని అయిదేళ్ల బిడ్డను అడగడం న్యాయం కాదని, ఆ దిగులును బిడ్డ ఆటలోనే చెప్పుకోగలదని నేను గట్టిగా నమ్ముతాను. పిల్లల వైద్యురాలు మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ 1928లో లండన్‌లో ప్రారంభించిన చికిత్సాలయంలో ఇసుక నింపిన తొట్టెను, నీటిని, చిన్న చిన్న బొమ్మలను పిల్లలకు అందుబాటులో ఉంచగా, వారు వాటితో తమంతట తామే దృశ్యాలను నిర్మించి, వాటిని లోకాలని పిలవసాగారు. ఆ పద్ధతి పిల్లల నుంచే పుట్టిందని ఆమె చెప్పుకోవడంలోని వినయం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. అమెరికాలో మనస్తత్వవేత్త వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో వివరించిన, ఆట ద్వారా పిల్లలకు చికిత్స చేసే విధానంలోనూ ఆటను నడిపించేది బిడ్డే; చికిత్సకులు తొందరపెట్టరు, అవసరమైన హద్దులను మాత్రమే విధిస్తారు. ఒక బిడ్డ అదే బొమ్మను పదేపదే ఇసుకలో పాతిపెడుతున్నా, దాని అర్థమేమిటో వెంటనే తేల్చి చెప్పకుండా, ఆ భయాన్నో కోపాన్నో గుర్తించి, పక్కనే ఓపికగా కూర్చుంటారు. ఆట ముగిశాక ఇంటికి వెళ్లే దారిలో తల్లిదండ్రులు కూడా బిడ్డను గుచ్చి గుచ్చి అడగకూడదన్నది నా అభిప్రాయం.