కాటుక రిపోర్టు ఇంకా రాలేదు

ఈరోజు కూడా ఆసుపత్రి నుంచి ఫోను రాలేదు. గన్నవరం పశువైద్య కళాశాలలో మా కుక్క కాటుక తొడ మీది గడ్డ తీసిన రోజే డాక్టరుగారు చెప్పారు. ఆ ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టాలి, మైనంలో దిమ్మ కట్టాలి, పల్చటి పొరలుగా కోసి రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూడాలి, అందులో ఏ పనీ తొందరపెడితే జరిగేది కాదని. నాకు అర్థమైంది. అయినా ఫోను మోగితే చాలు, చేతిలో పని వదిలి పరుగెడుతున్నాను. పొద్దున మోగింది గ్యాసు సిలిండరు తెచ్చే అబ్బాయి, మధ్యాహ్నం మా చెల్లెలు.

గ్యాసు అబ్బాయి ఎప్పుడూ గేటు బయటే నిలబడి "కుక్కను కట్టేశారా అండీ?" అని అరుస్తాడు. ఇవాళ లోపలికి వచ్చేశాక అనుమానంగా అటూ ఇటూ చూసి, "అది అరవలేదేమండీ?" అన్నాడు. విషయం చెబితే సిలిండరు దించి, తలుపు దగ్గర నుంచే దాన్ని కాసేపు చూశాడు. కాటుక తోక రెండుసార్లు నేలకేసి కొట్టింది. అంతకంటే మర్యాద ఇప్పుడు దాని వల్ల కాదు. కుట్లు నాకకుండా మెడకు ప్లాస్టిక్ కోన్, తొడ మీద పొడవాటి కుట్లు. గడ్డ శనగ గింజంతే అయినా చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మంచి చర్మాన్ని, అడుగున ఒక పొరను కలిపి తీయాలట. కంటికి కనబడని కణాలు అంచుల్లో మిగిలిపోతే గడ్డ మళ్లీ మొలుస్తుందట. రిపోర్టులో గ్రేడుతో, అంటే గడ్డ ఎంత ఉధృతమైనదో చెప్పే లెక్కతో పాటు ఆ అంచుల సంగతీ రాస్తారు.

ఆ గడ్డను మొదట అనుమానించింది మామయ్యగారే. ఒకరోజు ఉబ్బేది, మర్నాడు తగ్గేది. "కొవ్వు గడ్డయితే ఇలా పెరిగి తరగదమ్మాయ్" అన్నారు. ఆయన మాటే నిజమైంది. సన్నటి సూదితో పీల్చి గాజు పలక మీద చూస్తే మాస్ట్ సెల్ ట్యూమర్ అని తేలింది, మాస్ట్ కణాల నుంచి పుట్టే ఒక రకం క్యాన్సర్. ఈ కణాల నిండా హిస్టమిన్ అనే రసాయనం ఉంటుంది, గడ్డను నొక్కినా నలిపినా అది బయటికి వచ్చి చుట్టుపక్కలంతా వాచిపోతుంది. ఆ హిస్టమిన్ వల్లే కడుపులో ఆమ్లం పెరిగి పుండ్లు కూడా పడవచ్చు. అందుకే కాటుకకు పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర, ఆ తర్వాతే పెరుగన్నం. మాత్రను ఉడికించిన గుడ్డు సొనలో దాచి ఇస్తున్నాను. సొన చప్పరించి మాత్రను మాత్రం శుభ్రంగా పక్కన పెట్టేస్తోంది. ఇంత తెలివి గల ప్రాణిని ఇన్ని బాధలు పడనివ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మధ్యాహ్నం అది నిద్రపోతుంటే గ్రేడుల గురించి చదివాను. చదవకూడదని మా వారు అన్నారు గాని, తెలియకుండా ఎదురుచూడటం నా వల్ల కాదు. 1984లో పట్నాయక్ బృందం 83 కుక్కల గడ్డలను పరిశీలించి మూడు గ్రేడులు చేసిందట. మధ్య గ్రేడు దగ్గరే చిక్కు వచ్చేది. ఒకే గడ్డను ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవారు. 2011లో కీపెల్ బృందం 95 గడ్డలను ఇలాంటి ముక్కలను పరిశీలించే 28 మంది పాథాలజిస్టులకు చూపించి, లో గ్రేడు (ఉధృతి తక్కువ), హై గ్రేడు (ఉధృతి ఎక్కువ) అని రెండే చాలన్నది. సూక్ష్మదర్శినిలో బాగా పెద్దది చేసి చూసే పది చోట్ల కలిపి విభజన చెందుతున్న కణాలు ఏడు గాని అంతకంటే ఎక్కువ గాని కనబడితే చాలు, హై గ్రేడు. ఆ అధ్యయనంలో లో గ్రేడు కుక్కల మధ్యస్థ ఆయుష్షు రెండేళ్లకు పైన. హై గ్రేడువైతే నాలుగు నెలల లోపు.

నాలుగు నెలలంటే దీపావళి నుంచి శివరాత్రి వరకు. ఆ లెక్క వేసుకున్నాక కాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. మధ్యస్థమంటే సగం కుక్కలు అంతకంటే ఎక్కువ కాలమే బతికాయనీ, హై గ్రేడని ఇంకా ఎవరూ అనలేదనీ తెలుసు. తెలిసినా గుండె దడ తగ్గలేదు. లేచి వెళ్లి దాని పక్కన నేల మీద కూర్చున్నాను. ఎనిమిదేళ్ల కుక్క, మూతి దగ్గర నల్లబొచ్చు నెరిసింది. కలలో కాళ్లు కదుపుతోంది.

సాయంత్రం పై వాటా పిల్లలు టపాకాయలు మొదలుపెట్టారు. మొదటి చప్పుడుకే కాటుక లేచి, కోన్ గుమ్మానికి కొట్టుకుని, మంచం కిందికి దూరబోయింది. కుట్లు తెగుతాయేమోనని నా ప్రాణం పోయింది. మామయ్యగారు కోపంగా మెట్లెక్కి వెళ్లారు, దిగేటప్పుడు మాత్రం నవ్వుతున్నారు. పిల్లలు సందు చివరికి వెళ్లి కాల్చుకుంటామన్నారట. అందులో చిన్నది ఆయన వెనకాలే వచ్చి, కాటుకను ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని కుట్లన్నీ చూసి, కాకరపువ్వొత్తులకు చప్పుడు రాదు కదా, అవి ఇక్కడే కాల్చుకోవచ్చా అని అడిగింది. కాల్చుకోమన్నాను.

రాత్రి భోజనాలయ్యాక ముగ్గురం కూర్చున్నాం. మామయ్యగారు పాల లెక్క రాసే క్యాలెండరు తెచ్చి చూపించారు. కుక్క నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ముప్పై లోపు ఊపిరి తీయాలని డాక్టరుగారు చెప్పారు కదా, రోజూ లెక్కపెట్టి పాల లెక్క పక్కనే పెన్సిలుతో వేస్తున్నారు. ఏ రోజూ ముప్పై దాటలేదు. రైల్వేలో పనిచేసిన మనిషి, లెక్క తప్పరు.

హై గ్రేడని వస్తే ఏం చేయాలన్నది మాట. కుక్కలకూ విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్లు, ప్రెడ్నిసలోన్ మాత్రలు ఇస్తారు. మనుషులంత అవస్థ పడకుండా మోతాదు తగ్గించే ఇస్తారట, మధ్య మధ్య రక్తపరీక్షలు చేయాలి. మా వారు ఖర్చు సంగతి చూసుకుంటానన్నారు. నేను అన్నిటికీ సరేనన్నాను. అప్పుడు మామయ్యగారు అన్నారు, "మీ అత్తయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు మనం రిపోర్టులే చదివాం. ఆవిడకు ఏం కావాలో ఎవరమూ అడగలేదు. దీన్ని అడగలేం, కానీ దీనికేం కావాలో మనకు తెలుసు కదా. అది రాయమ్మాయ్."

రాశాను. నా గొంతు పూడుకుపోతుంటే మా వారే చెబుతూ వచ్చారు. అన్నం గిన్నె చప్పుడుకు లేచి రావడం. ఏలూరు కాలువ గట్టు మీద మామయ్యగారితో నడక, కొంచెం దూరమైనా సరే. ఆయన చెప్పులు ఎత్తుకుపోవడం. మా వారి స్కూటరు సందు మలుపు తిరగకముందే గుర్తుపట్టి గేటు దగ్గరికి వెళ్లడం. మధ్యాహ్నం వంటింటి గడప మీద అడ్డంగా పడుకోవడం. ఇవి చేయగలిగినంత కాలం వైద్యం చేయిస్తాం. ఒక్కొక్కటే మానేస్తూ వస్తే అప్పుడు ఆగుతాం. ముగ్గురం ఒప్పుకున్నాం. భయంలో పడ్డాక ఇలా ఆలోచించలేనని నా గురించి నాకు తెలుసు, అందుకే ఫోను రాకముందే రాసి పెట్టుకున్నాను.

ఏ గ్రేడు వచ్చినా కుట్లు తీయించడానికి వెళ్లినప్పుడు డాక్టరుగారికి ముందు ఈ పేజీ చూపిస్తాం, ఆ తర్వాతే మందుల మాట. మాత్రలు రేపటితో అయిపోతాయి, తెప్పించాలి.