జలపాతం దగ్గర పదిహేను నిమిషాలు

మ్యాపులో నడక దారి 5 కిలోమీటర్లు. "గంట నడకేగా!" అంది అక్క. నేనూ అలాగే అనుకుని, ఎందుకైనా మంచిదని కాగితం తీశాను.

స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటి ఉంది: సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మా దారి 300 మీటర్లు ఎక్కుతుంది కాబట్టి గంటన్నర. అదీ మంచి నేల, గట్టి కాళ్లు ఉన్నవాళ్లకు. తడిసిన చెట్ల వేళ్లు, బురద, అక్క మోకాలు కలిపి నేను రెండున్నర గంటలు వేసుకున్నాను.

తర్వాత లెక్క వెనక నుంచి మొదలుపెట్టాను. ఉష్ణమండలంలో పొద్దున ఎండకు నేల వేడెక్కి, మధ్యాహ్నానికి మబ్బులు కమ్మి వాన పడటం మామూలే. సూర్యుడు నిటారుగా దిగుతాడు కనుక సాయంసంధ్య కూడా ఎక్కువసేపు ఉండదు. చెట్ల కింద చీకటి ఇంకా ముందే పడుతుంది. అందుకే పదకొండున్నరకు జలపాతం వదిలి తీరాలని రాసుకున్నాను. ఏడింటికి నడక మొదలుపెడితే అక్కడ రెండు గంటలు కూర్చోవచ్చు. దాని కోసం అందరినీ తెల్లవారుజామున నాలుగింటికి లేపి తిట్లు తిన్నాను.

ఇన్ని లెక్కలు వేసిన మనిషిని, అడవి గేటు ఎప్పుడు తీస్తారో మాత్రం అడగలేదు. ఎనిమిదిన్నరకు తీశారు! అప్పటిదాకా గేటు బయట నా కాగితం గురించి బావ వేసిన జోకులు ఇక్కడ రాయను.

జలపాతం చేరేసరికి పదకొండుంపావు. బావ నేరుగా ధార కిందికి వెళ్లబోయాడు. అక్కడ వద్దన్నాను. నురగలో గాలి బుడగలే ఎక్కువ. ఆ నీరు మనిషిని సరిగ్గా తేల్చదు. పైనుంచి రాళ్లూ పడవచ్చు. అంచున మోకాలి లోతులో నిలబడ్డాం. తుంపర కళ్లద్దాలను కమ్మేసింది. పదిహేను నిమిషాలు కాగానే "ఇక పదండి" అన్నాను. "ఆకాశం అద్దంలా ఉంది, ఏమిటీ తొందర?" అని బావ విసుక్కున్నాడు. నిజానికి నాకూ కదలాలని లేదు.

దిగే దారిలో వాగు ఒకటి దాటాలి. పొద్దున దాటేటప్పుడు నీటి మధ్యలో ఒక తెల్లరాయిని గుర్తు పెట్టుకున్నాను. అప్పుడు దాని పైభాగం జానెడు పొడిగా ఉంది. ఇప్పుడు నాలుగు వేళ్ల వెడల్పే మిగిలింది. నీరు పాదం పైకి వచ్చింది, అంతే. కానీ టీ రంగుకు తిరిగింది, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. ఆలోచించకుండా దాటేశాం.

అవతల గట్టుకు కాస్త పైన బావ సాక్సు దించి చూస్తే జలగ. ఉప్పు వద్దని చెప్పి, సన్నగా ఉన్న కొన దగ్గర గోరు దూర్చి జరిపాను. ఊడింది. రక్తం మాత్రం ఆగలేదు. గడ్డకట్టనివ్వని పదార్థాన్ని అది వదిలిపోతుంది మరి. గుడ్డ కట్టి తలెత్తేసరికి తెల్లరాయి కనిపించలేదు. టైము పన్నెండున్నర. మా మీద ఇంకా ఒక్క చినుకూ పడలేదు.