తెర దించాక

నిన్న రాత్రి 2 గంటల 48 నిమిషాలకి ముహూర్తం. మా తోటికోడలి తమ్ముడి పెళ్ళి, తణుకులో. అక్షింతలు వేసి, తాళి కట్టించి, నిద్ర మొహాలతో రాజమండ్రి చేరేసరికి పాలవాడు గేటు దగ్గరున్నాడు. ఆదివారం కాబట్టి బతికిపోయాను. పదింటికి లేచి చూస్తే కరెంటు లేదు. లైన్లు బాగుచేస్తున్నారు, సాయంత్రం ఐదు దాకా రాదని కింది వాటావాళ్ళు చెప్పారు.

ఫ్యాను లేదు, టీవీ లేదు. అమ్మ వరండాలో చాప వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేనూ కూర్చున్నాను. మా అక్క కూతురు కోచింగ్ కోసం మా ఇంట్లోనే ఉంటోంది. అదీ వచ్చి కూర్చుని, రెండు కాయలు తీసి, మూడోది చేతిలో పట్టుకుని అడిగింది:

"పిన్నీ, చూడగానే ప్రేమ అంటారు కదా. అది నిజమా, ఊరికే ఆకర్షణా?"

నాకు జవాబు వెంటనే రాలేదు. రాత్రి చూసింది కళ్ళ ముందు మెదిలింది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ బెంగళూరులో ఒకే ఆఫీసు. నాలుగేళ్ళుగా ఒకే క్యాంటీన్‌లో తింటున్నారు. అలాంటివాళ్ళ మధ్య కూడా తెల్లటి అడ్డుతెర పట్టారు. మేనమామ గంపలో తెచ్చి కూర్చోబెట్టాడు. జీలకర్రా బెల్లం ఒకరి తల మీద ఒకరు పెట్టుకుని, తెర దించగానే, ఆ అబ్బాయి మొహం చూడాలి! అప్పుడే మొదటిసారి చూసినట్టు కళ్ళు దించేసుకున్నాడు. మనవాళ్ళు మొదటి చూపుకి కూడా ముహూర్తం పెట్టేశారు, అదీ అన్నీ ఖాయమయ్యాక.

పిల్లకి ఇదంతా చెప్పలేదు. ఎప్పుడో చదివింది చెప్పాను. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో దీనిమీద ఒక అధ్యయనం ప్రచురించారు. దాదాపు 400 మంది పాల్గొన్నారు. కొత్త మనిషిని చూసి "ఇది ప్రేమే" అన్నవాళ్ళ జవాబుల్లో ఆకర్షణ దండిగా ఉంది కానీ, ప్రేమకి ఉండే దగ్గరితనం, నిబద్ధత అంతగా లేవట. ఇద్దరికీ ఒకేసారి అలా అనిపించిన సందర్భం ఒక్కటీ దొరకలేదట.

"అంటే వన్ సైడేనా?" అంది నీరసంగా.

వన్ సైడ్ అనగానే వరూధిని గుర్తొచ్చింది. డిగ్రీలో మనుచరిత్ర పాఠం. కాలికి పూసుకున్న పసరు మంచుకి కరిగిపోయి ప్రవరుడు హిమాలయాల్లో చిక్కుకుంటాడు. ఆవిడ చూసీ చూడగానే మనసు పారేసుకుంటుంది. ఆయనేమో మా ఊరికి దారి చెప్పమ్మా అంటాడు. క్లాసులో అందరం నవ్వాం. కానీ నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి కథ. ప్రవరుడు వెళ్ళిపోయాక, అంతకుముందు ఆవిడ కాదన్న గంధర్వుడే ప్రవరుడి వేషంలో వస్తాడు. వరూధిని గుర్తుపట్టదు. ఆవిడకి తెలిసింది ఆ రూపం ఒక్కటే మరి, గుర్తుపట్టడానికి ఇంకేం ఉంది? 500 ఏళ్ళ కిందట అల్లసాని పెద్దన రాసిన ఈ కథ కంటే ఆ సర్వే ఎక్కువేం చెప్పిందని నాకు అనిపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం సర్వేకే ఓటు. చూడగానే ప్రేమ అనే పేరు కొందరు చూసిన క్షణంలోనే పెడతారు, కొందరు తర్వాతెప్పుడో వెనక్కి తిరిగి పెడతారు అంటుంది. మా ఆయన రెండో రకం. పెళ్ళిచూపుల్లో నా ఆకుపచ్చ చీర చూడగానే ఫిక్సయిపోయానని పదిహేనేళ్ళుగా అందరికీ చెబుతున్నారు. ఆ రోజు నేను కట్టుకున్నది వంకాయ రంగు. ఫోటో కూడా ఉంది. చూపించను. ఆయన ఆకుపచ్చ ఆయనకి ఉండనీ.

అమ్మ అంతసేపూ మాట్లాడలేదు. చిక్కుడు గింజ ఒకటి నోట్లో వేసుకుని, "నేను చూడగానే ఇష్టపడ్డాను. మీ నాన్నని కాదులే" అంది.

ఇద్దరం చేతిలో కాయలు వదిలేశాం.

పెళ్ళిచూపులకి నాన్న ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళారట. అమ్మ తలెత్తకుండా, కాఫీ గ్లాసులు ఇస్తూ ఓరగా ఒక్కసారి చూసిందట. ఉంగరాల జుట్టు, తెల్ల చొక్కా. సరే, బాగున్నాడు అనుకుంది. నెలన్నర పాటు ఆ ఉంగరాల జుట్టునే తలుచుకుంది. తీరా పీటల మీద తెర దించితే ఎదురుగా ఇంకో మొహం!

"అయ్యో అమ్మమ్మా! మరేం చేశావు?"

"ఏం చేస్తానే? చెయ్యి అప్పటికే ఆయన నెత్తి మీద ఉంది."

నవ్వీ నవ్వీ నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నాన్నకైనా చెప్పిందో లేదో. మరి నాన్న ఎప్పుడు నచ్చారని అడిగితే చాలాసేపు ఆలోచించింది. కొత్తలో ఒకసారి సెకండ్ షోకి వెళ్ళారట. అమ్మ సినిమా అంతా ఏడుస్తూనే ఉందట. బయటికొచ్చాక నాన్న ఏమీ అనలేదు. రిక్షా అతనితో మాత్రం, తిన్నగా ఇంటికి వద్దు, కాలవ గట్టు మీదుగా తిప్పి తీసుకెళ్ళమన్నారట. ఏడ్చిన కళ్ళతో ఇంటికెళితే మా నాయనమ్మ ఏమైందని ఆరా తీస్తుందని. "గాలికి ఆరిపోయాయి. ఇంటికెళ్ళేసరికి మామూలే" అంది అమ్మ, మళ్ళీ కాయ అందుకుంటూ.

పిల్ల ఫోన్‌లో రాత్రి తీసిన ఫోటోలు చూపించమని అడిగింది అమ్మ. కళ్ళజోడు పెట్టుకుని, తెర దించుతున్న ఫోటో దగ్గర ఆగింది. పెళ్ళికొడుకుని వదిలేసి, వేలితో పక్కకి జరిపి పెద్దది చేసింది.

"తెర పట్టుకున్న ఈ కుర్రాడెవరే? బాగున్నాడు. ఇతని ఫోటోలు చాలా ఉన్నాయేంటి ఇందులో?"

పిల్ల ఫోన్ లాక్కుని, మోటారు వేసి మర్చిపోయాను, ట్యాంకు నిండిందేమో చూసొస్తానని గబగబా డాబా మీదికి వెళ్ళింది.

కరెంటు ఇంకా రాలేదు.